చెంబు వద్దు, చెక్క గరిటె పెట్టుకోండి!

"ఏందమ్మే ఆ పార్సిలు? పిల్లోళ్లకా?" అని మా అత్తమ్మ అడిగితే "నాకే అత్తా" అని చెప్పడానికి కాసేపు నోరు రాలేదు. నలభై మూడేళ్ల మనిషికి బొమ్మలేసుకునే పెట్టె ఏమిటని ఆవిడ పైకి అనలేదు గానీ, చూసిన చూపు మాత్రం అదే. పిల్లలు డ్రాయింగ్ నేర్చుకుంటామంటే ముచ్చట పడతాం. అదే మాట ఇంటి ఇల్లాలు అంటే ‘ఇప్పుడెందుకు?’ అనే ప్రశ్న ముందొస్తుంది. మా ఆత్మకూరులోనే కాదు, ఎక్కడైనా అంతే.

రేకు డబ్బాలో డజను పెన్సిళ్లు, రెండు రకాల రబ్బర్లు, ఒక మెండరు, కాగితం చుట్టి చేసిన పుల్లలు రెండు, ఉప్పు కాగితం ముక్క. ఆ రాత్రి వంటిల్లు సర్దేశాక స్టీలు చెంబును ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. గంట తర్వాత కాగితం మీద తేలింది చెంబు కాదు, ఎవరో పైన కూర్చుంటే నలిగిపోయిన డబ్బా. మా చిన్నోడు తొంగిచూసి "అమ్మా, ఇది గుమ్మడికాయా?" అన్నాడు. పెట్టె మూసి బీరువా పైన పడేశాను. మూడు వారాలు దాని జోలికి పోలేదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "నాకు చెయ్యి తిరగదులే" అని సరిపెట్టుకుంటారు. నేనూ అంతే అనుకున్నాను. అది నిజం కాదని తెలిసింది ధనుర్మాసంలో, వాకిట్లో ముగ్గు వేస్తుండగా.

ముగ్గు వేసే చేతికి లోటేంటి?

15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క. స్కేలు లేదు, చెరిపే రబ్బరు లేదు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా కుడి పక్క పువ్వు ఎంతుందో ఎడమ పక్కా అంతే వచ్చింది. దూరాన్ని కంటితో కొలవడం, రెండు పక్కలా సమంగా తూచడం, వంపును తడబడకుండా తిప్పడం... బొమ్మలు నేర్పేవాళ్లు మొదట నేర్పేది కూడా ఇదే కదా! మరి చెంబు దగ్గర ఏమైంది?

రెండు పొరపాట్లు. పెన్సిల్‌ను ఉత్తరం రాసేటప్పటిలా మొన దగ్గర బిగించి పట్టుకున్నాను. అలా పట్టుకుంటే కదిలేది మణికట్టు ఒక్కటే. ముగ్గు వేసేటప్పుడు చెయ్యి భుజం దగ్గర్నుంచి కదులుతుంది. పెన్సిల్‌ను కాస్త వెనగ్గా, వదులుగా, కాగితం మీద పడుకోబెట్టినట్టు పట్టుకుని మోచెయ్యి కదిలేలా గీసి చూడండి. వంపు దానంతటదే సాఫీగా వస్తుంది.

రెండోది అసలు చిక్కు. నేను చెంబును చూడనే లేదు. చెంబు ఎలా ఉంటుందో తెలుసు కదా, ఆ తెలిసిందే గీశాను. మూతి గుండ్రమని తెలుసు గనక గుండ్రంగా గీశాను. ఎదురుగా కూర్చుని చూస్తే అది కోడిగుడ్డును పైనుంచి నొక్కినట్టు పలచగా కనపడుతుంది. అడుగు నేలకు ఆనుతుంది గనక తిన్నగా గీశాను. కంటికి అదీ వంపే. కొత్తగా మొదలెట్టిన వాళ్లలో ఈ తప్పు చేయనివాళ్లు అరుదు.

అమెరికాలో బెట్టీ ఎడ్వర్డ్స్ అనే డ్రాయింగ్ టీచరు 1979లో వేసిన పుస్తకంలో దీనికో చిట్కా చెప్పింది. చూసి గీయాల్సిన బొమ్మను తలకిందులుగా పెట్టుకోమంటుంది. అప్పుడు అది ముక్కనీ, కన్ననీ తోచదు. ఉత్త గీతలే కనపడతాయి, కనపడ్డట్టే గీస్తాం. మెదడు కుడి సగం, ఎడమ సగం అంటూ ఆవిడ చెప్పిన కారణాన్ని శాస్త్రవేత్తలు అంతగా ఒప్పుకోరు గానీ, చిట్కా మాత్రం పనిచేస్తుంది. కేలండరులో దేవుణ్ణి తలకిందులు చేస్తే మా అత్తమ్మ ఊరుకోదు. అందుకని పుస్తకంలో ఆవు బొమ్మతో చేశాను. ఆవు ఆవులాగే వచ్చింది!

పెట్టెలో ఏది దేనికి?

డజను పెన్సిళ్లు చూసి బెదరొద్దు. హెచ్ అంటే గట్టిది, బి అంటే నల్లనిది. పెన్సిల్లో సీసం ఉంటుందని చాలామంది అనుకుంటారు, ఉండదు. గ్రాఫైట్ పొడిని బంకమన్నుతో కలిపి కాల్చిన కడ్డీ అది. 1795లో ఫ్రాన్స్‌లో కాంటే అనే ఆయన కనిపెట్టిన పద్ధతి. మన్ను పాలు ఎక్కువైతే గట్టిపడి లేతగా పడుతుంది, తగ్గితే మెత్తబడి నల్లగా పడుతుంది. మొదటి నెలకు మూడు చాలు: హెచ్‌బి, 2బి, 6బి. పెట్టె కొనలేకపోతే ఈ మూడూ విడిగా పుస్తకాల షాపులో తెచ్చుకున్నా సరే.

రెండు రబ్బర్లలో ఒకటి చపాతీ పిండిలా సాగుతుంది. అది రుద్దడానికి కాదు, అద్దడానికి. చిటికెడు తుంచి, మొన చేసి అద్దితే నల్లదనం దానికి అంటుకుని పైకి వచ్చేస్తుంది. కాగితపు పుల్లలను మాత్రం కొన్నాళ్లు దాచేయండి. నీడను నున్నగా పులమడానికి ఇస్తారు వాటిని. చేతికందితే ఊరుకోలేం, బొమ్మంతా బూడిద పూసినట్టవుతుంది. మొనను మెండరుతో కాకుండా బ్లేడుతో పొడుగ్గా చెక్కుకుంటే పడుకోబెట్టి నీడ వేయడానికి వీలు. ఇక మన ఎండలకు అరచెయ్యి చెమట పడుతుంది. చేతి కింద ఒక తెల్లకాగితం వేసుకోకపోతే వేసిందంతా మీరే తుడిచేస్తారు.

బొమ్మ కంటే ముందు ఐదు గళ్లు గీయండి. మొదటిది తెల్లగా వదిలేసి, చివరిది 6బితో వీలైనంత నల్లగా నింపండి. మధ్య మూడూ మెట్టు మెట్టుగా ముదరాలి. వినడానికి ఎంతో తేలిక! నాకు నాలుగు రోజులు పట్టింది.

పుట్టింటి గరిటె

స్టీలు చెంబు తళతళలాడుతుంది. అందులో కిటికీ కనపడుతుంది, లైటు కనపడుతుంది, మన ముఖమూ కనపడుతుంది. చెయ్యి తిరిగినవాళ్లకే అది కష్టం. నాకు దారి చూపింది మా పుట్టిల్లు ఉదయగిరి నుంచి తెచ్చుకున్న చెక్క గరిటె. మెరుపు లేదు. గుంట కోడిగుడ్డు ఆకారం. ట్యూబులైటు ఆర్పి, కిటికీ పక్కన పెడితే వెలుగు ఒక వైపు నుంచే పడుతుంది. గుంటలో ఒక అంచున నీడ ముదురుగా మొదలై మెల్లగా లేతబడుతూ పోతుంది. ఆ ఐదు గళ్లూ అందులోనే ఉన్నాయి. మొదటి మూడు పాడయ్యాయి. నాలుగోది గరిటెలా వచ్చింది.

ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు తెలియనివాళ్లు మా జిల్లాలో తక్కువే. దుర్గం చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది, బిక్కి వంటి కర్రతో చేస్తారు. కాడల మీద నకిషీ ఉంటుంది. జి.ఐ. గుర్తింపు కూడా వచ్చింది. ఈ పనిలో ఆడవాళ్లే ఎక్కువ. పోయినసారి అమ్మను చూడబోయినప్పుడు నా పుస్తకం తీసుకెళ్లి ఆ పని చేసే ఒకామెకు చూపించాను. ఉలి పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని చూసింది. "అక్కా, మెడకాడ సన్నమైంది. ఇట్ట చేస్తే రెండు రోజుల్లో ఇరిగిపోద్ది" అంది. నిజమే, గుంటా కాడా కలిసే చోటును నేను సరిగ్గా చూడలేదు. ఆమె పెన్సిల్ పట్టలేదు గానీ, నా కంటే నాలుగింతలు చూసింది.

ఆ దారిలోనే ఇంకో సంగతి పట్టుబడింది. బస్సు కిటికీలోంచి చూస్తే దగ్గరి తుప్పలు నల్లగా, వెనక దుర్గం కొండ పొగలా లేతగా ఉంది. సుమారు 3 వేల అడుగుల కొండ కదా అని ఇన్నాళ్లూ నేను దాన్నే నల్లగా నింపేదాన్ని. తుప్పలకు 6బి, కొండకు హెచ్‌బి వాడగానే కొండ వెనక్కి జరిగింది. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచిన దుర్గం, నాకు లేత పెన్సిల్‌తో లొంగింది!

‘ఇప్పుడెందుకు?’ అన్నవాళ్లకు చెప్పడానికి రెండు మాటలు కూడా దొరికాయి. రాజమండ్రిలో దామెర్ల రామారావుగారి ఇంట ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. రామారావుగారు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆయన పేరు తెలిసినంతగా ఈ ఇద్దరి పేర్లూ మనకు తెలియకపోవడం నాకు మాత్రం బాధగానే ఉంది. ఇక దీన్ని బతుకుతెరువు చేసుకోవాలనుకునే వాళ్లకు ప్రభుత్వ పరీక్షల విభాగం డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు పెడుతుంది. ఏడో తరగతి పాసైతే లోయర్‌కు కూర్చోవచ్చు. నాకు ఆ ఉద్దేశం లేదు. నాకు కావాల్సింది వేరు.

అమ్మ చేతులు

అమ్మ వరండాలో చింతపండు గింజ తీస్తోంది. ముఖం గీయడం నా వల్ల కాదు. చేతులైతే గీద్దామని ఎదురుగా కూర్చున్నాను. వేళ్లు గీస్తే వేళ్లు రావు. వేలికీ వేలికీ మధ్య ఉన్న సందు ఏ ఆకారంలో ఉందో అది గీయాలి. సందులు కుదిరితే వేళ్లు వాటంతటవే నిలబడతాయి. రెండు మధ్యాహ్నాలు పట్టింది. అమ్మ కదులుతూనే ఉంది, నేను "అమ్మా, ఉండు" అంటూనే ఉన్నాను.

అయిపోయాక చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏంది పాపా, నా చేతులు ఇంత ముసిలివైపొయినాయా?"

గుండె కలుక్కుమంది. ముడతల మీద 6బి ఎక్కువ పడింది. మెత్త రబ్బరు తుంచి, అద్దబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెరపబాక. ఉండనీ. గాజులు మాత్రం రెండు తక్కువేసినావు, అయి ఎయ్యి."

లెక్కపెట్టాను. ఎడమ చేతికి ఆరున్నాయి. నేను నాలుగే వేశాను.