పొలంలో పండిన ఇంధనం.. గిట్టుబాటు లేక ఆగింది!
తీపి జొన్న ప్రయోగం చెబుతున్న పాఠం

సంగారెడ్డి: పెట్రోలు, డీజిలు ధరలు పెరిగిన ప్రతిసారీ పన్ను ఎవరు తగ్గించాలన్న వాదన మొదలవుతుంది. ఇంధనాన్ని ఇక్కడే ఎందుకు తయారు చేసుకోకూడదన్న ప్రశ్న మరుగున పడుతుంది. దానికి రెండు దశాబ్దాల క్రితమే సంగారెడ్డి ప్రాంతం ఒక సమాధానం చూపింది. మెట్ట పొలాల్లో పండిన తీపి జొన్న నుంచి ఇథనాల్‌ తీసింది. ఆ ప్రయత్నం ఎందుకు నిలిచిపోయిందో తెలుసుకుంటే నేటి చర్చలోని అసలు చిక్కు బోధపడుతుంది.

పన్నులపై పంచాయితీ

దేశ అవసరాలకు వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుంచే వస్తోంది. పెట్రోలు, డీజిలుపై కేంద్రం లీటరుకు ఇంతని ఎక్సైజ్‌ సుంకం వేస్తుంది. రాష్ట్రం ధరలో శాతంగా వ్యాట్‌ వసూలు చేస్తుంది. అందువల్ల ధర పెరిగితే వ్యాట్‌ రాబడీ దానంతట అదే పెరుగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో వ్యాట్‌ను పెట్రోలుపై 35.20 శాతానికి, డీజిలుపై 27 శాతానికి పెంచింది.

2021 నవంబరులో కేంద్రం సుంకాన్ని పెట్రోలుపై రూ.5, డీజిలుపై రూ.10 తగ్గించింది. రాష్ట్రమూ తగ్గించాలని భాజపా డిమాండ్‌ చేయగా, కేంద్రమే సెస్సులు ఎత్తివేయాలని అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు బదులిచ్చారు. 2022 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ వ్యాట్‌ తగ్గించని రాష్ట్రాల్లో తెలంగాణనూ ప్రస్తావించారు. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలకు సరకు రవాణా ప్రధానంగా లారీలపైనే సాగుతుంది. డీజిలు భారం కిరాయిలోకి, అక్కడి నుంచి వస్తువు ధరలోకి చేరుతుంది.

జొన్న గడ నుంచి ఇథనాల్‌

దేశంలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్‌ కలిపే పథకం 2003లో ఆరంభమైంది. తొలి విడత తొమ్మిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ ఒకటి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ అప్పటికే తీపి జొన్నపై పరిశోధనలు సాగిస్తోంది. ఈ పంట గడలో చెరకు మాదిరి తీపి రసం ఉంటుంది. గింజ తిండికి, పిప్పి పశువుల మేతకు పనికొస్తాయి. నాలుగు నెలల్లో కోతకు వస్తుంది. చెరకు కన్నా చాలా తక్కువ నీరు చాలు.

ఇక్రిశాట్‌ తోడ్పాటుతో రుస్ని డిస్టిలరీస్‌ అప్పటి మెదక్‌ జిల్లాలో సంగారెడ్డి సమీపాన కర్మాగారాన్ని నెలకొల్పింది. 2007లో ఉత్పత్తి మొదలైంది. దాని సామర్థ్యం రోజుకు 40 వేల లీటర్లు. దూరపు రైతుల కోసం ఇబ్రహీంబాద్‌లో గడలను ఊరిలోనే పిండి, రసాన్ని మరిగించి పాకంగా మార్చే కేంద్రాన్ని ఏర్పాటు చేశారు.

దెబ్బతీసిన ధర

కోసిన గడను ఒకటి రెండు రోజుల్లో ఆడించకపోతే చక్కెర శాతం పడిపోతుంది. కోత కాలం కొన్ని వారాలే. మిగతా ఏడాదంతా యంత్రాలకు ముడిసరుకు ఉండదు. వీటికి మించిన సమస్య ధర. చమురు సంస్థలు ఇథనాల్‌కు చెల్లించే ధరను అప్పట్లో లీటరుకు రూ.21.50గా నిర్ణయించారు. 2008 జులైలో ముడిచమురు పీపా 147 డాలర్లు దాటినా ఆ ధర కదల్లేదు. 2010లో రూ.27కు పెంచారు. అంత తక్కువ ధరతో రైతుకు గిట్టుబాటు ఇవ్వడం, కర్మాగారాన్ని నడపడం సాధ్యపడలేదు. కొన్నేళ్లకే ఉత్పత్తి ఆగిపోయింది.

మారిన లెక్క, కొత్త చిక్కులు

2018 జాతీయ జీవ ఇంధన విధానం తర్వాత పరిస్థితి మారింది. మొక్కజొన్నతో తీసిన ఇథనాల్‌ ధర 2023-24లో లీటరుకు రూ.71.86కు చేరింది. పెట్రోలులో ఇథనాల్‌ వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి పెరిగింది. దీంతో మొక్కజొన్న రైతుకు కొత్త గిరాకీ వచ్చింది. కోళ్ల దాణాకు మాత్రం పోటీ ఏర్పడింది. ఇథనాల్‌లోని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. మైలేజీ తగ్గుతోందని, ఆ మేరకు ధర తగ్గించలేదని 2025లో వాహనదారులు నిలదీశారు.

ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టాలన్నదీ వివాదమే. 2023లో నారాయణపేట జిల్లా చిత్తనూరులో, 2024లో నిర్మల్‌ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్‌ పరిశ్రమలపై గ్రామస్థులు ఆందోళనకు దిగారు. నీరు, గాలి కలుషితమవుతాయన్నది వారి భయం. వ్యర్థజలాలతో చెరువులు పాడైన పటాన్‌చెరు ప్రాంతానికి ఈ భయం కొత్త కాదు.

తీపి జొన్న పేరు 2018 విధానంలోని ముడిసరుకుల జాబితాలోనూ ఉంది. అయితే పంట, యంత్రం ఉన్నంత మాత్రాన స్వదేశీ ఇంధనం నిలదొక్కుకోదని సంగారెడ్డి అనుభవం చెబుతోంది. విత్తనం వేసే నాటికే రైతుకు ధరపై భరోసా ఉండాలి. గడ ఆడించే కేంద్రం పొలానికి చేరువలో ఉండాలి. వ్యర్థజలాలు ఎక్కడికి పోతాయో ఊరి జనానికి ముందే చెప్పాలి. ఈ మూడింటినీ విస్మరిస్తే 2007 నాటి ప్రయత్నానికి పట్టిన గతే మళ్లీ పట్టే ప్రమాదం ఉంది.