బంగారు నానో కణాలు: తయారీ కంటె శుద్ధియే కీలకం

ప్రత్యేక వ్యాసం

గర్భ నిర్ధారణ పరీక్షా పట్టీలపైన, 2020 తర్వాత కోవిడ్ నిర్ధారణకు విస్తృతంగా వినియోగించిన యాంటిజెన్ కిట్లలో అనేకంటిపైన కనిపించే ఎర్రని గీత నిజానికి బంగారంతో ఏర్పడిన గీత. బంగారాన్ని కొన్ని పదుల నానో మీటర్ల పరిమాణం గల కణాలుగా మార్చినపుడు అది పసుపు వన్నె కోల్పోయి కెంపు వర్ణం సంతరించుకుంటుంది. మిల్లీమీటరులో పది లక్షల వంతును నానో మీటరు అంటారు. ఈ కణాలను తయారుచేయడం నేడు కళాశాల ప్రయోగశాలలో సైతం సాధ్యమే. అయితే వాటిని ఒకదానితో ఒకటి అతుక్కోకుండా నిలిపి ఉంచడం, మిగిలిపోయిన రసాయనాల నుంచి వేరుచేయడం అనే రెండు దశలపైనే వాటి ఉపయోగం, భద్రత ఆధారపడి ఉన్నాయి.

తయారీ విధానం:

మైకేల్ ఫారడే 1857లో బంగారు లవణాన్ని భాస్వరంతో క్షయకరణం చేసి ఎర్రని ద్రావణాన్ని రూపొందించి, ఆ రంగుకు అతి సూక్ష్మమైన బంగారు రేణువులే కారణమని ప్రతిపాదించారు. నేడు అధికంగా అనుసరిస్తున్న పద్ధతిని 1951లో టర్కెవిచ్ బృందం వివరించింది. ఇందులో పలుచని క్లోరో ఆరిక్ ఆమ్ల ద్రావణాన్ని మరిగించి, దానికి సోడియం సిట్రేటు కలుపుతారు. లేత పసుపు రంగు ద్రావణం కొద్ది నిమిషాలలో వర్ణరహితంగాను, పిదప నీలి ఛాయలోకి, చివరకు ముదురు ఎరుపులోకి మారుతుంది. సిట్రేటు పాళ్లను మార్చడం ద్వారా కణాల పరిమాణాన్ని నియంత్రించవచ్చునని 1973లో ఫ్రెన్స్ నిరూపించారు.

పాలిమరు కవచం ఆవశ్యకత:

సిట్రేటు పూత గల కణాలు రుణ విద్యుదావేశం వల్ల పరస్పరం వికర్షించుకుంటూ విడివిడిగా ఉంటాయి. రక్తంలోను, ఇతర శరీర ద్రవాలలోను ఉండే లవణాలు ఈ వికర్షణను బలహీనపరుస్తాయి. అప్పుడు కణాలు గుమికూడి, ఎర్రని ద్రావణం నీలంగా మారి, క్రమంగా అడుగున పేరుకుంటుంది. ఒకసారి ఇలా గడ్డకట్టిన కణాలను తిరిగి విడదీయడం సాధారణంగా సాధ్యం కాదు.

కణాల చుట్టూ పొడవైన పాలిమరు గొలుసులను అమర్చినట్లయితే అవి భౌతికంగా అడ్డు నిలిచి కణాలను దగ్గరకు రానీయవు. పాలీ వినైల్ పిరోలిడోన్, కైటోసాన్, తుమ్మ జాతి చెట్ల నుంచి లభించే గమ్ అరబిక్, పాలీ ఇథిలీన్ గ్లైకాల్ ఇందుకు ఉపయోగపడతాయి. గొలుసు చివర గంధకం గల థయాల్ సమూహం ఉన్న పాలీ ఇథిలీన్ గ్లైకాల్ బంగారానికి దృఢంగా బంధింపబడుతుంది.

రక్షక పదార్థాల బలాన్ని కొలవడానికి రిచర్డ్ జిగ్మాండీ 1901లో ‘స్వర్ణ సంఖ్య’ను ప్రవేశపెట్టారు. 10 మిల్లీలీటర్ల బంగారు ద్రావణానికి 10 శాతం ఉప్పు నీటిని 1 మిల్లీలీటరు చేర్చినపుడు రంగు మారకుండా కాపాడేందుకు అవసరమైన పదార్థపు కనీస బరువు, మిల్లీగ్రాములలో, ఈ సంఖ్య. జెలటిన్ విషయంలో ఇది సుమారు 0.005 నుంచి 0.01 కాగా, గమ్ అరబిక్ విషయంలో 0.15 నుంచి 0.25. సంఖ్య ఎంత తక్కువైతే రక్షణ అంత ఎక్కువ. కొల్లాయిడ్లపై పరిశోధనలకుగాను ఆయనకు 1925 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

తెలుగు ప్రాంతాల అడవులలో గిరిజనులు సేకరించే కొండగోగు బంకను కూడా ఇదే ప్రయోజనానికి వినియోగించవచ్చునని హైదరాబాదు పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో వెల్లడించారు. ఈ బంకతో బంగారం, వెండి, ప్లాటినం కణాలను వారు తయారుచేశారు.

శుద్ధి పద్ధతులు:

తయారీ ముగిసేసరికి ద్రావణంలో బంగారు కణాలతోపాటు లవణాలు, చర్య పొందని బంగారు అయానులు, కణాలకు అంటుకోని పాలిమరు మిగిలి ఉంటాయి. వీటిని తొలగించడానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది సెంట్రిఫ్యూజి. అధిక వేగంతో తిప్పినపుడు బరువైన కణాలు అడుగుకు చేరగా, పైన తేలిన ద్రవాన్ని తీసివేసి శుద్ధ జలంలో కణాలను మరల కలుపుతారు. వేగం మితిమీరితే పాలిమరు రక్షణ లేని కణాలు గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండవది డయాలసిస్. సూక్ష్మ రంధ్రాల పొర గుండా చిన్న అణువులు బయటి నీటిలోకి పోతాయి. 12,000 డాల్టన్ల హద్దు గల పొరను దాటి 20,000 డాల్టన్ల పాలిమరు బయటకు పోజాలదు గనుక పొర ఎంపికలో జాగ్రత్త అవసరం. మూడవది డయా ఫిల్ట్రేషన్. ద్రావణాన్ని పొర మీదుగా అడ్డంగా ప్రవహింపజేస్తూ మలినాలను వడగట్టే ఈ విధానం పెద్ద పరిమాణంలో ఉత్పత్తికి అనుకూలం.

శుద్ధికి కూడా ఒక హద్దు ఉంది. బలహీనంగా అంటుకొని ఉండే పాలిమర్లు పదే పదే కడిగినపుడు ఊడిపోయి కణాలు రక్షణ కోల్పోతాయి.

భద్రతతో సంబంధం:

శుద్ధి ప్రాధాన్యాన్ని అమెరికాలో 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం స్పష్టం చేసింది. బంగారు నానో కడ్డీల తయారీలో సి.టి.ఎ.బి. అనే సబ్బు వంటి రసాయనాన్ని వాడతారు. ఈ కడ్డీల ద్రావణం మానవ కణాలకు హాని చేసింది. అయితే సెంట్రిఫ్యూజి ద్వారా కడ్డీలను తొలగించిన తర్వాత మిగిలిన ద్రవం సైతం అంతే హాని చేసింది. దోషం బంగారానిది కాదని, మిగిలిపోయిన రసాయనానిదని దీనివల్ల తేలింది. కడ్డీలకు పాలిమరు పూత వేసినపుడు హాని తగ్గింది.

పరీక్షా కిట్ల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. బంగారానికి అంటుకోని ప్రతిరక్షకాలు మిగిలితే అవి రోగకారక ప్రొటీనును ముందుగానే పట్టుకొని గీతను పలచబరుస్తాయి. అంటే వ్యాధి ఉన్నా లేనట్లు ఫలితం వచ్చే అవకాశముంది.

గమనించవలసిన అంశాలు:

కేంద్ర ప్రభుత్వం 2007లో రూ.1,000 కోట్లతో నానో మిషన్‌ను చేపట్టింది. నానో ఔషధాల మూల్యాంకనానికి 2019 అక్టోబరులో మార్గదర్శకాలను విడుదల చేసింది. ఈ రంగంలో కొత్త ఉత్పత్తి గురించి ప్రకటన వెలువడినపుడు పాత్రికేయులు, అధికారులు ఈ క్రింది ప్రశ్నలు అడగడం సముచితం.

1. కణాల పూత ఏది? అది ఉప్పు నీటిలో నిలిచిందా? ఎర్రని ద్రావణపు కాంతి శోషణ సుమారు 520 నానో మీటర్ల వద్ద గరిష్ఠంగా ఉంటుంది. అది అధిక తరంగదైర్ఘ్యం వైపు జరిగితే కణాలు గుమికూడినట్లు భావించాలి.

2. ఏ పద్ధతిలో, ఎన్నిసార్లు శుద్ధి చేశారు? మిగిలిన పాలిమరును, రసాయనాలను కొలిచారా?

3. కణాలు లేని ద్రవాన్ని విడిగా పరీక్షించి, దాని ప్రభావాన్ని పోల్చి చూశారా?

4. వేర్వేరు విడతలలో తయారైన సరుకు ఒకే ఫలితాన్ని ఇస్తున్నదా? సహజ బంకల విషయంలో ఈ ప్రశ్న మరింత ముఖ్యం.

ఆరోగ్య కేంద్రాలలో కిట్లను వాటిపై ముద్రించిన ఉష్ణోగ్రతలోనే భద్రపరచాలి. అనేక కిట్లకు ఇది 2 నుంచి 30 డిగ్రీల సెల్సియస్. గడ్డకట్టించరాదన్న సూచన ఉన్న కిట్లను ఫ్రీజరులో ఉంచరాదు.