మీకు తెలుసా? వెయ్యిలో ఎనభై చూస్తే చాలు!

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర మంఖాల్ ఇండస్ట్రియల్ ఏరియా. ఓ ఫ్యాక్టరీలో వెయ్యి వాల్వుల లాట్ దిగిందనుకోండి. నాణ్యత తనిఖీ (క్యూసీ) వాళ్లు ఎన్ని చూడాలి? వెయ్యీనా? కాదు, 80! నూటికి ఒక లోపం దాకా ఒప్పుకునే మాలైతే, భారతీయ ప్రమాణం ఐఎస్ 2500 పట్టిక చెప్పే మామూలు లెక్క ఇదే. ఆ 80లో రెండు చెడ్డవి వచ్చినా పాస్. మూడోది కనబడిందా, వెయ్యీ రిజెక్ట్!

మరి లక్ష వాల్వులొస్తే? ఎనిమిది వేలు చూడాలనుకున్నారు కదూ! కానే కాదు, 500 చాలు! గుండిగ పెద్దదైతే మాత్రం గుప్పెళ్లకొద్దీ మెతుకులు పట్టి చూస్తామా?

ఇంకో రహస్యం! నూటికి ఐదు చెడ్డవున్న లాట్ కూడా ఆ 80 పరీక్షను దాటేస్తుంది. ఎన్నిసార్లు? వందకు దాదాపు 23 సార్లు!

మంచి మాలుకూ గండం ఉంది! సరిగ్గా ఒక శాతమే లోపం ఉన్న లాట్ కూడా వందకు నాలుగైదు సార్లు వెనక్కి వెళ్తుంది. సప్లయర్ తప్పేం లేదు, పాపం!

ఇది వింటే ఆశ్చర్యపోతారు. లక్ష చిన్న ఇంజెక్షన్ సీసాల బ్యాచ్. అందులో సూక్ష్మజీవులున్నాయా అని పరీక్షించడానికి తీసేది 20 సీసాలే! వాటిని 14 రోజులు గమనిస్తారు. విప్పిన సీసా ఇక అమ్మకానికి పనికిరాదు మరి. నూటికొక సీసా కలుషితమైనా ఆ బ్యాచ్ పాసయ్యే అవకాశం ఎంతో తెలుసా? 82 శాతం! అందుకే టీకాల ఊరైన మన హైదరాబాద్‌లో అసలు కాపలా ఆ 20 సీసాల దగ్గర లేదు. నింపే గదిలో ఉంది, అక్కడి గాలిలో ఉంది, నీటిలో ఉంది! నన్నడిగితే మన ప్రాణాలు కాపాడేది ఆ కాపలానే.

లోపం అసలు పుట్టకుండా చేసే లెక్కలో మన తెలుగువాడి చెయ్యి ఉంది! మెషీన్‌కు ఏడు సెట్టింగులు, ఒక్కోదానికి రెండు స్థాయిలు. అన్నీ మార్చి చూడాలంటే 128 ప్రయోగాలు. ఒక్కో సెట్టింగు ప్రభావం తెలిస్తే చాలంటే? ఎనిమిదే! దీని వెనకున్న ‘ఆర్తోగోనల్ అరే’ పట్టికలను 1940లలోనే రూపొందించింది సి.ఆర్.రావు, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థి! 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నారు!

పైన చెప్పిన శాంపిల్ లెక్కలన్నిటికీ ఒకటే షరతు. శాంపిల్‌ను ఎంచి తీయకూడదు! చేతికందిందని పై పెట్టెలోవే 80 తీస్తే పట్టిక పనిచేయదు. కొంచెం వంగండి, అడుగు పెట్టెలోంచీ తీయండి!