గాలిలో సైగలు – నేలపై కబుర్లు

1991లో విడుదలైన 'పాయింట్ బ్రేక్' అనే హాలీవుడ్ చిత్రంలో, విమానం నుండి దూకినవారు గాలిలో పడుతూనే సంభాషించుకుంటారు. వాస్తవంలో అది సాధ్యం కాదు. సుమారు 13,000 అడుగుల ఎత్తు నుండి దూకిన స్కైడైవర్లు గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో నేలవైపు పడుతుంటారు. ఆ గాలిహోరులో పక్కవారి మాటలు వినబడవు. కనుక వారు చేతి సైగలనే ఆశ్రయిస్తారు.

పారాచూట్ తెరిచేలోపు లభించే వ్యవధి సుమారు ఒక నిమిషం. ఆ నిమిషంలో కొత్తగా నేర్చుకునేవారు ఎత్తును తెలిపే ఆల్టిమీటర్‌ను మాటిమాటికి గమనించాలి. అమెరికాలో తొలి లైసెన్సు పొందడానికి కనీసం 25 సార్లు దూకాలి. ఈ దశలోనివారు 3,000 అడుగులకు దిగకముందే పారాచూట్ తెరవాలన్నది అక్కడి నియమం. అది సరిగా విచ్చుకోకపోతే వాడడానికి రెండవ పారాచూట్ వీపున ఉంటుంది. అయితే ఆ నిర్ణయం కొన్ని క్షణాలలోనే జరగాలి. ఆలస్యమైతే ప్రాణాపాయం.

మేఘాలు కమ్మినా, గాలి హెచ్చినా ఎవరూ దూకరు. అప్పుడే నేలపై కబుర్లు సాగుతాయి. 2018లో వచ్చిన 'మిషన్ ఇంపాజిబుల్ – ఫాలౌట్' చిత్రం కోసం టామ్ క్రూజ్ స్వయంగా విమానం నుండి దూకిన సంగతి అటువంటి కబుర్లకు తగిన విషయమే. అయితే సినిమాలోని దృశ్యాన్ని మళ్ళీ చిత్రీకరించవచ్చు. ఆకాశంలో జరిగిన పొరపాటుకు ఆ అవకాశం లేదు. అనుకూల వాతావరణం కోసం ఓర్పుతో వేచి ఉండడం కూడా ఈ క్రీడలో శిక్షణయే.