ఫొటో మోజులో గుడ్లు బలి కారాదు
వేసవిలో గూళ్ల దగ్గరకు పోవద్దు - నేలమీద పొదిగే పిట్టలకే ఎక్కువ ముప్పు

మంగంపేట: మంగంపేట అనగానే ఎవరికైనా ముగ్గురాయి గనులే గుర్తుకు వస్తాయి. అయితే ఈ సీమకు మరో ఘనత కూడా ఉంది. లోకంలో లేదనుకున్న కలివికోడి మళ్లీ కనిపించింది కడప ప్రాంతంలోనే. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డాన్ 1848లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఇది శాస్త్రజ్ఞుల కంట పడలేదు. చివరకు 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారి అన్వేషణలో, స్థానికుల సాయంతో రెడ్డిపల్లె సమీపాన దొరికింది. దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఇంత పేరున్న పక్షి గూడు ఎలా ఉంటుందో సరిగా తెలియదంటే ఆశ్చర్యమే. స్కాట్లాండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్న పాత గుడ్డు ఒకటి దీనిదేనని 2013లో డీఎన్ఏ పరీక్షతో తేలింది. అలాంటి పిట్టను రాత్రిపూట లైట్లు వేసి, టేపులో కూత వినిపించి రప్పిస్తే ఉన్న చోటును కూడా వదిలిపోయే ప్రమాదం ఉంది.

కలివికోడి సంగతి అటుంచినా, ఊరి పక్క బీడులో తీతువు మనందరికీ తెలిసిందే. అది గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మండుటెండలో తల్లిపిట్ట పొట్ట ఈకలను నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. తలమీద తిరుగుతూ అరిస్తే అపశకునమని మనవాళ్లు భయపడతారు. నిజానికి అది "ఇక్కడ గుడ్లున్నాయి, తప్పుకోండి" అన్న మొర. ఆ మొర వినకుండా కెమెరాతో కూర్చుంటే తల్లి గుడ్లపైకి రాలేదు. ఎండకు గుడ్డులోని ప్రాణం పోతుంది. మనిషి ఎక్కడ వంగి చూస్తున్నాడో కాకి కూడా గమనిస్తూనే ఉంటుంది.

కాబట్టి దూరం నుంచి తీయగల లెన్సు లేకపోతే గూటి ఫొటో మానుకోవడమే మేలు. జీపులోనుంచి దిగకుండా తీస్తే పిట్ట అంతగా బెదరదు. బాగా కనబడాలని అడ్డుగా ఉన్న కొమ్మలు విరవరాదు. అవే గూటికి నీడ, చాటు. ఫ్లాష్ వాడరాదు. గూడున్న చోటును నలుగురికీ చాటరాదు. పిట్ట లేచి అరుస్తున్నదంటే అప్పటికే దగ్గరకు వెళ్లినట్లు లెక్క. వెంటనే వెనక్కు తగ్గాలి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. అభయారణ్యంలో ఫొటోలు తీయాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

ఫొటో ఈ ఏడు కాకపోతే మరో ఏడు తీసుకోవచ్చు. ఎండకు మాడిన గుడ్డు మాత్రం మళ్లీ పిల్ల కాదు.