విహార పాయింట్లకు రేపటి ధర ఎంత?

హౌరా: పూజ సెలవులు దగ్గరపడే రోజుల్లో హౌరా స్టేషన్‌లోని పెద్ద గడియారం కింద నిలబడి చూస్తే బెంగాలీ మధ్యతరగతి యావత్తూ పెట్టే బేడాతో ప్రయాణమైనట్టు కనిపిస్తుంది. దీఘా, పూరీ, దార్జిలింగ్ పేర్లలోని మొదటి అక్షరాలను కలిపి 'దీపుదా' అని ముద్దుపేరు పెట్టుకున్న ప్రజలు వీరు. దార్జిలింగ్ వెళ్లేవారు నది దాటి సియాల్దా చేరుకోవలసి ఉన్నా, దీఘాకు ఉదయం రైలు, పూరీకి రాత్రి రైలు హౌరాలోనే ఎక్కుతారు. ఏటా తప్పని ప్రయాణం, ఏటా తప్పని గది అద్దె. అటువంటప్పుడు పాతికేళ్ల బసను ఒకేసారి కొనిపెట్టుకుంటే పోలేదా అన్న ఆలోచన ఇక్కడివారికి సులభంగానే నచ్చుతుంది.

టైమ్‌షేర్ వ్యాపారానికి పునాది ఈ ఆలోచనే. విశ్రాంతి గృహంలో ఏడాదికి ఒక వారం బస చేసే హక్కును, లేదా ఆ హక్కుకు సమానమైన పాయింట్లను, ముందుగా సొమ్ము చెల్లించి కొనుక్కోవడం దీని సారాంశం. కొన్నవారికి కొన్నేళ్ల తరువాత మరో ప్రశ్న ఎదురవుతుంది. పిల్లలు విదేశాలకు వెళ్లిపోతారు, మోకాళ్లు సహకరించవు, వార్షిక రుసుము మాత్రం క్రమం తప్పకుండా వస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఈ పాయింట్లను అమ్మితే ఎంత వస్తుంది? పదేళ్ల తరువాత అమ్మితే ఎంత?

ఈ ప్రశ్నకు నమ్మదగిన సమాధానం దొరకడం కష్టమే కాదు, దొరికిన సమాధానం తరచుగా నిరాశ కలిగించేది కూడా. సమాధానాన్ని ముందే హామీగా ఇచ్చిన సంస్థలు లేకపోలేదు. అలాంటి హామీ ఎక్కడికి దారితీసిందో పశ్చిమ బెంగాల్‌లోని లక్షలాది కుటుంబాలకు అనుభవపూర్వకంగా తెలుసు.

భూమి కాదు, బస మాత్రమే

పాయింట్ల పద్ధతికి ఆద్యులు స్విట్జర్లాండ్‌వారు. అక్కడి హపిమాగ్ సంస్థ 1963లో దీనిని ప్రారంభించింది. ఒక ఊరిలో కొన్న వారాన్ని మరో ఊరిలోని వారంతో మార్చుకునే సౌకర్యాన్ని ఆర్‌సీఐ సంస్థ 1974లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నుంచి నడపసాగింది. మన దేశంలో చెన్నైకి చెందిన స్టెర్లింగ్ హాలిడే రిసార్ట్స్ 1986లోను, మహీంద్రా గ్రూపు 1996లోను ఈ రంగంలో అడుగుపెట్టాయి.

మన దేశంలో సాధారణంగా అమ్ముడుపోయేది స్థిరాస్తి కాదన్న సంగతి పునర్విక్రయానికి సంబంధించినంతవరకు ఎంతో ముఖ్యమైనది. కొనుగోలుదారుకు దక్కేది నిర్ణీత కాలంపాటు గదిని వాడుకునే సభ్యత్వం మాత్రమే. పూరీలో గజం స్థలం ధర రెట్టింపయినా ఆ లాభంలో సభ్యునికి పైసా వాటా ఉండదు. పైగా, గడచిన ప్రతి సంవత్సరంతోపాటు చేతిలోని సరుకు తరిగిపోతూ ఉంటుంది. ఇంటి ధరలు పెరిగే తీరును బట్టి సభ్యత్వం ధరను ఊహించేవారు తొలి అడుగులోనే పొరబడుతున్నారన్నమాట.

కంపెనీల జమాఖర్చుల పద్ధతి ఈ విషయాన్ని మరింత తేటతెల్లం చేస్తుంది. క్లబ్ మహీంద్రా పాతికేళ్ల సభ్యత్వ రుసుములో 60 శాతాన్ని తిరిగి చెల్లించనవసరం లేని ప్రవేశ రుసుముగా పరిగణించి, సభ్యుడు చేరగానే ఆదాయం కింద చూపుకునే విధానం 2018 వరకు అమలులో ఉండేది. మిగిలిన 40 శాతాన్నే సభ్యత్వ కాలమంతటికీ పంచేవారు. 2018-19 నుంచి అమలులోకి వచ్చిన కొత్త గణన ప్రమాణం వల్ల ఆదాయాన్ని సభ్యత్వ కాలం పొడవునా పంచి చూపవలసి వచ్చింది. ప్రవేశ రుసుమంటే సినిమా టికెట్టు వంటిది. మొదటి ఆట అయిపోయాక ఆ టికెట్టును రెండో ఆటకు అమ్మచూపితే కొనేవారెవరు?

ఒక చిన్న లెక్క

ధరను అంచనా వేయడానికి గొప్ప గణితం అవసరం లేదు. కొనేవాని స్థానంలో నిలబడి ఆలోచిస్తే చాలు. ఉదాహరణకు, హౌరాలోని ఒక ఉద్యోగి 5 లక్షల రూపాయలకు పాతికేళ్ల సభ్యత్వం కొన్నాడనుకుందాం. ఇంకా 12 ఏళ్లు మిగిలి ఉన్నాయి. పాతికలో 12 వంతులు, అంటే 2 లక్షల 40 వేలు రావాలని అతడు ఆశిస్తాడు.

కొనేవాని లెక్క వేరుగా ఉంటుంది. అదే స్థాయి గది బయట రోజుకు 6 వేలకు దొరికితే వారానికి 42 వేలు. ఈ సభ్యత్వానికి ఏటా కట్టవలసిన రుసుము 24 వేలు అనుకుంటే మిగులు 18 వేలు. రాబోయే 12 ఏళ్లలో ఏడాదికి 18 వేల చొప్పున కలిగే ఆదాను పది శాతం వడ్డీ లెక్కన నేటి విలువకు తగ్గిస్తే సుమారు లక్షా 22 వేలు వస్తుంది. పేరు మార్పిడికి కంపెనీ 20 వేలు తీసుకుంటుందనుకుంటే, కొనేవాడు ఇవ్వగలిగేది లక్ష పైచిలుకు మాత్రమే. అదీ ఏటా తప్పకుండా ఏడు రోజులూ వాడుకుంటానన్న నమ్మకం ఉన్నప్పుడే.

ఇక రుసుము పెరిగే వేగాన్ని చూడాలి. గది అద్దె, రుసుము రెండూ ఏటా ఐదు శాతం చొప్పున పెరిగితే పన్నెండో ఏట మిగులు దాదాపు 31 వేలకు చేరుతుంది. అద్దె ఐదు శాతమే పెరిగి, రుసుము ఎనిమిది శాతం చొప్పున పెరిగితే అదే ఏట మిగులు 16 వేలకు కుంగిపోతుంది. మూడు శాతం తేడాతో మిగులు సగానికి పడిపోయిందన్నమాట. కొనేటప్పుడు అందరూ గదుల ఫొటోలు చూస్తారు. రుసుము పెంపుదలకు గరిష్ఠ పరిమితి ఉన్నదా లేదా అని ఒప్పందం వెనుక పేజీ తిరగేసేవారు అరుదు.

కాలం సంగతి మరొకటి. పూజ సెలవులు, క్రిస్మస్ వారం, వేసవిలో కొండ ప్రాంతాలు - వీటికి గిరాకీ ఎక్కువ. క్లబ్ మహీంద్రా తన సభ్యత్వాలను ఊదా, ఎరుపు, తెలుపు, నీలం అని నాలుగు రంగులుగా విభజించింది. ఊదా అన్నింటికన్నా ఖరీదైనది, నీలం చౌకది. పై ఉదాహరణలోనే వానాకాలపు వారం తీసుకుంటే, గది బయట మూడున్నర వేలకే దొరుకుతుంది. వారానికి 24,500. రుసుము పోగా మిగిలేది 500 రూపాయలు. ఈ లెక్కన 12 ఏళ్ల ఆదా విలువ పేరు మార్పిడి ఖర్చుకే చాలదు. అంటే ఆ సభ్యత్వాన్ని ఊరికే ఇచ్చినా తీసుకునేవాడు నష్టపోతాడు. అమెరికాలో టైమ్‌షేర్ హక్కులను ఒక్క డాలరుకు ఇస్తామంటూ యజమానులు ఈబేలో ప్రకటనలు ఇవ్వడానికి కారణమిదే. వారు వదిలించుకోజూస్తున్నది ఆస్తిని కాదు, ఏటేటా వచ్చే రుసుము బిల్లును.

ధర చెప్పగలిగిన చోటు

పునర్విక్రయ ధరను కొంతమేరకైనా అంచనా వేయగలుగుతున్న చోటు ఒకటున్నది. 1991లో ఫ్లోరిడాలో ప్రారంభమైన డిస్నీ వెకేషన్ క్లబ్ పాయింట్లకు చురుకైన పునర్విక్రయ మార్కెట్ ఏర్పడింది. అక్కడ హక్కు స్థిరాస్తి దస్తావేజు రూపంలో రిజిస్టరవుతుంది కనుక లావాదేవీలు ప్రభుత్వ రికార్డులకెక్కుతాయి. ఎవరైనా అమ్మజూపినప్పుడు అదే ధరకు ముందుగా తానే కొనుక్కునే హక్కు కంపెనీకి ఉన్నది. ఏ ధరకు కంపెనీ అడ్డుపడిందో, ఏ ధరకు వదిలేసిందో కొనుగోలుదారులు నమోదు చేసుకుంటూ, దాని ఆధారంగా రాబోయే ధరలను లెక్కగడుతుంటారు.

అయినా ఆ అంచనాలు కంపెనీ కలం పోటుకు లోబడే ఉంటాయి. 2019 జనవరి 19 తరువాత పాత విశ్రాంతి గృహాల పాయింట్లను ఇతరుల నుంచి కొన్నవారు వాటిని కొత్తగా కట్టే గృహాల్లో వాడుకోరాదని డిస్నీ నిబంధన విధించింది. కంపెనీ వద్ద కొన్న పాయింటుకు, బయట కొన్న పాయింటుకు నాటి నుంచి విలువలో తేడా వచ్చింది. పాత గృహాల్లో పలు ఒప్పందాల గడువు 2042 జనవరితో ముగుస్తుంది. ఆ గడువు సమీపించేకొద్దీ ధర ఎటు నడవక తప్పదో ఎవరికైనా బోధపడుతుంది.

మన దేశంలో ఇటువంటి రిజిస్టరు లేదు. నిజంగా ఎంతకు అమ్ముడైందో అమ్మినవానికి, కొన్నవానికి తప్ప మూడోవానికి తెలియదు. ప్రకటనల్లో కనిపించేవి అడిగిన ధరలు మాత్రమే.

హామీ ఇచ్చినవారి కథ

ఈ అయోమయం మధ్య 'మీ సెలవు విలువ మేమే చెబుతాం, మేమే చెల్లిస్తాం' అన్న మాట తీయగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. కోల్‌కతా కేంద్రంగా పనిచేసిన రోజ్ వ్యాలీ గ్రూపులోని హోటళ్ల కంపెనీ 'హాలిడే మెంబర్‌షిప్' పథకం కింద సభ్యుల నుంచి నెలవారీ వాయిదాలు వసూలు చేసింది. గడువు తీరాక సభ్యుడు కంపెనీ హోటళ్లలో బస చేయవచ్చు. అక్కరలేదనుకుంటే వడ్డీతో సొమ్ము తీసుకోవచ్చు. సముద్రతీరాన మందార్‌మణిలో ఆ గ్రూపు విశ్రాంతి గృహం కళ్లెదుట కనిపిస్తుండగా అనుమానించడానికి జనానికి కారణం తోచలేదు.

ఇది విహార సభ్యత్వం కాదని, సామూహిక పెట్టుబడి పథకమని సెబీ నిర్ధారించింది. జనం సొమ్మును ఒకచోట చేర్చడం, దానిపై రాబడి ఆశ చూపడం, పెట్టుబడిదారుల తరఫున ఇతరులు ఆ సొమ్మును నిర్వహించడం, రోజువారీ నిర్వహణపై పెట్టుబడిదారులకు అదుపు లేకపోవడం - సెబీ చట్టంలోని 11ఏఏ సెక్షన్ ఈ నాలుగు లక్షణాలను పేర్కొంటున్నది. అటువంటి పథకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. శారదా గ్రూపు 2013 ఏప్రిల్‌లో కుప్పకూలిన కొద్ది నెలలకే, జులైలో, సెబీ రోజ్ వ్యాలీ హోటళ్ల కంపెనీపై మధ్యంతర ఆంక్షలు విధించింది. 2014 జూన్‌లో పథకాన్ని మూసివేసి సొమ్ము వాపసు చేయాలని ఆదేశించింది. గ్రూపు అధిపతి గౌతమ్ కుండును 2015 మార్చిలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అరెస్టు చేసింది. గ్రూపు మొత్తం మీద ప్రజల నుంచి 17,520 కోట్ల రూపాయలు సమీకరించిందని, అందులో 6,670 కోట్లు తిరిగి చెల్లించలేదని ఈడీ లెక్క తేల్చింది.

ముంబయికి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ మరింత నేరుగా మన ప్రశ్నకే సమాధానం అమ్మింది. అది హోటల్ 'గది రాత్రులు' అమ్మేది. వాడుకోని రాత్రులను గడువు చివర అప్పగిస్తే నిర్ణీత విలువ ముట్టజెప్పే ఏర్పాటు ఉండేది. వాడని సెలవు వాడిన సెలవుకంటే లాభసాటి కావడం వింతే కదా! 2014 జులైలో మధ్యంతర ఉత్తర్వు జారీచేసిన సెబీ, 51 లక్షలకు పైగా ఉన్న పెట్టుబడిదారులకు 7,035 కోట్లు వాపసు చేయాలని 2016 ఫిబ్రవరిలో ఆదేశించింది.

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. గుంటూరు సమీపంలోని హాయ్‌ల్యాండ్‌ను చూపి భరోసా కల్పించిన విజయవాడ అగ్రిగోల్డ్ సంస్థ అమ్మింది గదుల సభ్యత్వం కాకపోయినా, గడువు తీరాక స్థలమైనా ఇస్తాం, సొమ్మయినా ఇస్తాం అన్న మాట మాత్రం ఒకే అచ్చులో పోసినది. ఆ సంస్థ సుమారు 32 లక్షల ఖాతాల్లో 6,380 కోట్లు వసూలు చేసింది.

మార్కెట్లో పునర్విక్రయ ధరను మరో కొనుగోలుదారు నిర్ణయిస్తాడు. ఈ పథకాల్లో రెండో కొనుగోలుదారు లేనే లేడు. వెనుక చేరినవాని వాయిదాయే ముందు చేరినవానికి 'ధర' అయింది. అందుకే అంచనా ఏళ్ల తరబడి పైసాతో సహా నిజమవుతూ వచ్చింది, ఒకనాడు హఠాత్తుగా పూర్తిగా అబద్ధమయ్యేంతవరకు.

కోల్‌కతా హైకోర్టు ఏర్పాటు చేసిన ఆస్తుల విక్రయ కమిటీ, విశ్రాంత న్యాయమూర్తి దిలీప్ కుమార్ సేథ్ ఆధ్వర్యంలో, రోజ్ వ్యాలీ ఖాతాదారులకు చెల్లింపులు చేపట్టింది. సుమారు 31 లక్షల మంది అర్జీలు పెట్టుకున్నారు. 2025 ఏప్రిల్‌లో ఈడీ ఈ కమిటీకి 515.31 కోట్ల రూపాయల డ్రాఫ్టు అందజేసింది. అది సుమారు ఏడున్నర లక్షల మందికి సరిపోతుందని అంచనా వేశారు.

అమ్మిపెడతామని వచ్చే ఫోన్లు

అమ్మలేక అవస్థపడేవారి చుట్టూ మరో రకం మోసగాళ్లు తిరుగుతున్నారు. మంచి ధరకు కొనేవాడు సిద్ధంగా ఉన్నాడని, పన్ను కిందనో కాగితాల ఖర్చు కిందనో కొంత సొమ్ము ముందుగా పంపాలని ఫోన్‌లో నమ్మబలుకుతారు. మెక్సికోలో టైమ్‌షేర్లున్న అమెరికన్ల నుంచి 2022లో ఇటువంటి ఫిర్యాదులు 600కు పైగా అందాయని, నష్టం 3.96 కోట్ల డాలర్లని ఎఫ్‌బీఐ ప్రకటించింది. వీటి వెనుక హలిస్కో మాదకద్రవ్యాల ముఠా హస్తమున్నదంటూ 2023 ఏప్రిల్‌లో అమెరికా ఖజానా శాఖ ఆంక్షలు విధించింది. అమ్మకం పూర్తయ్యాక ధరలోనే మినహాయించుకోమంటే, అసలు దళారి అయితే ఒప్పుకుంటాడు. మోసగాడు ఫోన్ పెట్టేస్తాడు.

నికార్సయిన సభ్యత్వం ఉన్నవారు ముందుగా కంపెనీకి రాసి నాలుగు సంగతులు లిఖితపూర్వకంగా తెప్పించుకోవాలి: మిగిలిన కాలం, రుసుము బకాయి, పేరు మార్పిడి ఖర్చు, కొత్త యజమానికి బదిలీ కాని సౌకర్యాలు. వివాదం వస్తే కంపెనీ ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉన్నా, ముంబయిలో ఉన్నా అక్కడికి పరుగెత్తనవసరం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదీ తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే దావా వేయవచ్చు. హౌరావాసి హౌరాలోనే, గుంటూరువాసి గుంటూరులోనే. ఈలోగా వార్షిక రుసుము చెల్లింపు ఆపితే ఏమవుతుందో ఒప్పందంలో చూసుకోవడం అవసరం. బకాయి ఉన్న సభ్యత్వానికి కొనేవాడు కట్టే లెక్కలో మొదట తీసివేసేది ఆ బకాయినే.