కోడ్ పడితే సెన్సర్ పోయినట్టేనా?

హైదరాబాద్‌లో కర్మన్‌ఘాట్ రోడ్డు మీది షెడ్లలో ఈ మధ్య ఒక వైద్యం బాగా నడుస్తోంది. బండి రేస్ ఇస్తే దగ్గుతున్నా, సిగ్నల్ దగ్గర ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగుతున్నా స్టీరింగ్ కింద స్కానర్ గుచ్చుతారు. ఫోన్ తెర మీద ‘థ్రాటిల్ పొజిషన్ సెన్సర్’ అన్న మాట కనబడగానే థ్రాటిల్ బాడీకి ఆర్డర్ పెట్టేస్తారు. మెకానిక్‌ని ఒక్కణ్నే అనడానికీ లేదు. అరనిమిషం రీల్ చూసొచ్చిన ఓనరే ముందు తొందరపెడతాడు: “అన్నా, కోడ్ పడ్డది కదా, మార్చెయ్.” అన్న మార్చేస్తాడు. వేలకు వేలు పోతాయి. బండి చంపాపేట దాటకముందే చెక్ లైట్ మళ్లీ వెలుగుతుంది. తర్వాత ఇంకో షెడ్డు, ఇంకో థ్రాటిల్ బాడీ. ఈసారి కటింగ్ బండిది.

కోడ్‌లో ఏ పార్ట్ పేరు ఉంటే ఆ పార్టే పోయిందనుకోవడం ఈ మొత్తం తంటాకి మూలం. పక్కింట్లో కేకలు వినబడుతున్నాయని పోలీసులకి ఫోన్ చేసినవాడు కేకల సంగతే చెప్పగలడు, ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పలేడు. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ పరిస్థితీ అంతే. దానికి సెన్సర్ కనబడదు. దాని దాకా వచ్చేది ఒక తీగ, ఆ తీగలో కొంత వోల్టేజి. పీ0122 పడిందంటే ఆ వోల్టేజి ఉండాల్సిన దానికన్నా తక్కువ ఉందని, పీ0123 పడితే ఎక్కువ ఉందని. పీ0121 అయితే ఈ లెక్క మిగతా సెన్సర్ల లెక్కతో కలవట్లేదని. పీ2135 అంటే ఒకే థ్రాటిల్‌లోని రెండు సెన్సర్లు చెరో మాట చెబుతున్నాయని. ‘మార్చండి’ అని వీటిలో ఏ కోడూ చెప్పదు.

కేబుల్ థ్రాటిల్ ఉన్న పాత పెట్రోల్ బండ్లలో ఈ సెన్సర్‌కి మూడు తీగలు వస్తాయి. ఒకటి ఈసీయూ పంపే 5 వోల్టులు, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. ఇంజిన్‌లోకి గాలి వదిలే బటర్‌ఫ్లై రేకు మూసి ఉన్నప్పుడు సిగ్నల్ సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే నాలుగున్నర దాకా. ఇప్పుడు ఎర్త్ తీగ ఎక్కడో తెగిందనుకోండి. కరెంటు దిగిపోయే దారి లేక సిగ్నల్ 5 వోల్టుల దగ్గరే నిలబడిపోతుంది, పీ0123 పడుతుంది. సెన్సర్ నిక్షేపంలా ఉంటుంది. కొత్తది బిగించినా అదే కోడ్, ఎందుకంటే తెగిన తీగ తెగినట్టే ఉంది.

పీ0122 కథ ఇంకా తమాషాగా ఉంటుంది. చాలా బండ్లలో ఆ 5 వోల్టులు థ్రాటిల్ సెన్సర్‌కి ఒక్కదానికే కాదు, మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్‌కీ ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సర్‌కీ కూడా ఒకే లైన్ నుంచి వెళ్తాయి. వాటిలో ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా లైన్ మొత్తం కిందికి జారిపోతుంది, నింద థ్రాటిల్ మీద పడుతుంది. అలాంటప్పుడు మిగతా సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏది పీకితే 5 వోల్టులు తిరిగొచ్చాయో దొంగ అదే. ఏసీ సెన్సర్ చేసిన పాపానికి థ్రాటిల్ బాడీ కొన్నవాళ్లు ఊళ్లో తక్కువేం లేరు.

పీ0121 పడితే మానిఫోల్డ్ వైపు గాలి లాగే రబ్బరు గొట్టం చిరిగిందేమో చూడాలి. థ్రాటిల్ ఇంత తెరుచుకుంది, గాలేమో అంతకన్నా ఎక్కువ వస్తోంది అన్న గొడవకి అదీ ఒక కారణమే.

ఇక మన పక్క రోగాలు. నాలా పక్కనో, చెత్త పోసే ఖాళీ ప్లాట్ పక్కనో రాత్రుళ్లు నిలిపే బండికి ఎలుకలు వైరింగ్ కొరకడం మామూలే. పైన టేపు బాగానే కనబడుతుంది, లోపల రాగి నూలుపోగంత మిగిలి ఉంటుంది. 2020 అక్టోబర్ వరదలో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో నీళ్లలో నిలబడ్డ బండిని ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటే, స్కానర్ సంగతి తర్వాత, ముందు కప్లర్ విప్పి పిన్నులు చూడండి. పచ్చటి చిలుము కనబడితే సగం నిర్ధారణ అక్కడే అయిపోయింది.

సెన్సర్ నిజంగానే పోదా? పోతుంది. లోపల కార్బన్ పట్టీ మీద చిన్న చెయ్యి రాసుకుంటూ తిరిగే రకమైతే పట్టీ అరుగుతుంది. ఓవైసీ కూడలి నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా ఎల్బీనగర్ దాకా పొద్దున పూట నడిపేవాళ్ల బండ్లలో పెడల్ ఎప్పుడూ పావు వంతు దాటదు కాబట్టి ఆ మొదటి పావు దగ్గరే ముందు అరుగుతుంది. పెడల్ మీద కాలు పెట్టగానే ఒక జెర్క్, కాస్త దాటాక బండి మామూలే అంటే అనుమానించదగ్గ లక్షణం అది.

దాన్ని పట్టుకోవడానికి మల్టీమీటర్, ఒక సన్నటి గుండుసూది చాలు. తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్. కప్లర్ పీకకుండా వెనక నుంచి సిగ్నల్ తీగ పక్కన సూది దూర్చి మీటర్ ఎర్ర తీగ దానికి, నల్లది బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టాలి. మరొకరు లోపల కూర్చుని పెడల్‌ని వీలైనంత నెమ్మదిగా నొక్కాలి. వోల్టేజి ఎక్కడా ఆగకుండా, కిందికి పడకుండా ఎక్కాలి. మధ్యలో ఒక్కసారి సున్నా వైపు దూకి మళ్లీ లేచిందా, పట్టీ అరిగింది. అంకెలు చూపించే మీటర్ ఈ దూకుడిని చాలాసార్లు మింగేస్తుంది. అందరూ మూలన పడేసిన ముల్లు మీటరే ఇక్కడ నయం. ముల్లు వణికితే కంటికి కనబడుతుంది. తర్వాత సూదిని ఎర్త్ తీగకి మార్చి చూడండి. 0.1 వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్త్‌లో లోపం. ఇదంతా చేస్తూ వైరింగ్‌ని అక్కడక్కడా కదపాలి. కదిపినప్పుడే మీటర్ ఊగితే సెన్సర్ జోలికి పోకండి.

పీ0123కి ఇంకా తేలికైన పరీక్ష ఉంది. కప్లర్ పీకి మళ్లీ స్కాన్ చేయండి. కోడ్ పీ0122కి మారితే సిగ్నల్ తీగా ఈసీయూ బాగున్నట్టే. ఎర్త్ కూడా చూసి, అదీ బాగుంటే అప్పుడు సెన్సర్ని తిట్టండి. అయితే ఇదంతా మూడు తీగల రకానికి. పెడల్‌కీ థ్రాటిల్‌కీ మధ్య కేబుల్ లేని కొత్త బండ్లలో సెన్సర్ థ్రాటిల్ బాడీలోనే కలిసి ఉంటుంది, చాలావాటిలో అరగడానికి పట్టీయే ఉండదు. అలాంటి దాన్ని ఓమ్స్‌లో కొలిచి “పోయింది” అనేవాడికి దండం పెట్టి వచ్చెయ్యండి.

బ్యాటరీ టెర్మినల్ పీకి పది నిమిషాలాగి పెడితే బాగవుతుందన్న నమ్మకాన్ని కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. పూర్తిగా కొట్టిపారేయలేం. కార్బన్ పట్టిన థ్రాటిల్‌ని కడిగాక ఈసీయూలో పాత లెక్కలే ఉండిపోయి ఐడిలింగ్ పెరుగుతుంది. కొన్ని బండ్లలో టెర్మినల్ పీకితే ఆ లెక్కలు చెరిగి బండి మళ్లీ కొత్తగా నేర్చుకుంటుంది. సరే, ఆ మాత్రం నిజం. కానీ స్కాన్ చేయించకముందే పీకితే, కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్న రికార్డు కూడా చాలా బండ్లలో ఆ లెక్కలతోపాటే పోతుంది. షెడ్డుకి వెళ్లే ముందే సాక్ష్యం చెరిపేసుకుని, వెళ్లాక “ఏమైందో చెప్పన్నా” అని అడగడం మనకే చెల్లింది.

సెన్సర్ పోతే బండి దానంతటదే దూసుకుపోతుందన్న భయం మరొకటి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో సెన్సర్లు జంటగా ఉండేది అందుకే. రెండూ పొసగకపోతే ఈసీయూ థ్రాటిల్ తిప్పే మోటార్‌కి కరెంటు ఆపుతుంది, స్ప్రింగ్ బటర్‌ఫ్లైని కొద్దిగా తెరిచి ఉండే చోటికి లాగేస్తుంది. బండి నత్తనడకకి దిగుతుంది. అమెరికాలో టొయోటా కార్లు వాటంతటవే వేగం పుంజుకుంటున్నాయని గోల లేచినప్పుడు నాసా ఇంజినీర్లు కూడా పరిశీలించారు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన నివేదికలో, థ్రాటిల్‌ని అంత పెద్దగా తెరిచే ఎలక్ట్రానిక్ లోపానికి ఆధారం దొరకలేదన్నారు. అసాధ్యమని నిరూపించామనీ అనలేదు. పెడల్ సెన్సర్‌లో తగరపు సన్నపోగులు పెరిగి షార్ట్ అయిన ఒక కేసు మాత్రం వాళ్లకి దొరికింది. ఇరుక్కున్న ఫ్లోర్ మ్యాట్లు, సరిగ్గా వెనక్కి రాని పెడళ్లు అప్పట్లో అసలు తలనొప్పి. కాబట్టి పెడల్ కింద రెండో మ్యాట్ వేసుకున్నవాళ్లు ముందు అది తీసేయండి.

ప్రీమియం పెట్రోల్ పోస్తే సెన్సర్ బాగవదు, పెట్రోల్ ఆ దారిన పోనే పోదు. డీజిల్ బండిలో కాలు ఎంత నొక్కారో ఈసీయూకి చెప్పేది పెడల్ దగ్గరి సెన్సర్. కార్బ్యురేటర్ మారుతీ 800కి ఈ సెన్సర్ లేదు, మార్చామని బిల్లు వేస్తే నవ్వి లేచి రండి. హనుమాన్ గుడి దగ్గర పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించడానికి నాకు అభ్యంతరం లేదు, తొక్కించే ముందు చెక్ లైట్ ఆర్పించుకోండి.

షెడ్డుకి వెళ్తే “కోడ్ ఏంటి” అని అడిగి ఊరుకోకుండా లైవ్ డేటా చూపించమనండి. పెడల్ నెమ్మదిగా నొక్కుతుంటే థ్రాటిల్ శాతం మెట్లు లేకుండా పెరగాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బటర్‌ఫ్లైని కడిగేటప్పుడు తాళం ఆఫ్‌లో ఉండాలి. వేలితో బలంగా నొక్కితే లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి, బాగున్న బాడీ అప్పుడు నిజంగానే పోతుంది. మార్చక తప్పకపోతే లెర్నింగ్ చేసే స్కానర్ ఉందో లేదో ముందే అడగండి, పాత పార్ట్ చేతికి తీసుకోండి. బైరామల్‌గూడ ఫ్లైఓవర్ మీద బండి ఉన్నట్టుండి రేస్ తీసుకోవడం మానేస్తే హజార్డ్ వేసి ఎడమకి చేర్చండి, తాళం తీసి కాసేపాగి మళ్లీ స్టార్ట్ చేయండి. మామూలుగా నడిచినా ఆ రోజు ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కకండి. దార్లో ఇంకోసారి అలాగే అయితే స్టార్ట్ చేసి చూడ్డం ఆపి టోయింగ్ బండికి ఫోన్ కొట్టండి.